పని ఎక్కువై కాదు, రిలీవర్ రాక చెడిపోతారు

ప్రశ్న: ఒత్తిడి ఎక్కువగా ఉండే పరిశ్రమల్లో పని భారం, క్రమశిక్షణ ఉద్యోగుల పనితీరు మీద ఎలాంటి ప్రభావం చూపుతాయి?

దీనికి ఇప్పటికే వచ్చిన జవాబులన్నీ చదివాను. అందరూ టైమ్ మేనేజ్‌మెంట్, యోగా, పొద్దున్నే లేవడం దగ్గరే ఆగిపోయారు. రాసినవాళ్లలో ఒక్కరైనా రాత్రి పదింటికి డ్యూటీ ఎక్కినవాళ్లు ఉన్నట్టు నాకు అనిపించలేదు. మాది శ్రీకాకుళం జిల్లా రణస్థలం మండలం. విజయనగరం ఎం.ఆర్. కాలేజీలో బీఎస్సీ కెమిస్ట్రీ చదివి, పైడిభీమవరంలో మందుల ముడిసరుకు తయారుచేసే కంపెనీల్లో ట్రైనీగా చేరి షిఫ్ట్ ఇన్‌ఛార్జ్ దాకా వచ్చాను. కంపెనీల పేర్లు రాయను. నాకింకా పిల్లల ఫీజులున్నాయి.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. పని ఎక్కువైనంత మాత్రాన మనిషి చెడిపోడు. ఆ పని ఎన్నింటికి అయిపోతుందో తెలియకపోతే చెడిపోతాడు. ఇక క్రమశిక్షణ అంటారా, షిఫ్టుల్లో నడిచే ఏ ఫ్యాక్టరీలోనైనా అన్నిటికన్నా పెద్ద క్రమశిక్షణ ఒకటే: ఒకడు దిగే టైముకి వాడి చోట నిలబడాల్సినవాడు వచ్చి నిలబడాలి. రిలీవర్ అంటాం మేము. ఆ రిలీవర్ని తెచ్చి నిలబెట్టాల్సింది కంపెనీ. అది చెయ్యకుండా మిగతా క్రమశిక్షణంతా కార్మికుడి నెత్తిన రుద్దితే వచ్చే ఫలితం ఎలా ఉంటుందో ఒక రాత్రి కళ్లారా చూశాను.

ఆ రాత్రి పైడితల్లి అమ్మవారి తొలేళ్లు. బయటి జిల్లాల వాళ్ల కోసం చెప్తున్నాను: విజయదశమి తర్వాత వచ్చే మంగళవారం విజయనగరంలో సిరిమానోత్సవం, దానికి ముందు రోజు తొలేళ్లు. పొడవాటి చింతమాను చివర పూజారి కూర్చుంటే ఆ మానుని గుడి నుంచి కోట దాకా మూడుసార్లు తిప్పుతారు. ఒడిశా నుంచి కూడా జనం వస్తారు. ఆ రెండు రోజులు విజయనగరం మనిషిని డ్యూటీకి రమ్మంటే రాడు, రాకూడదు కూడా. ఈ తారీఖు ఏ పంచాంగం తిరగేసినా ఏడాది ముందే దొరుకుతుంది. మా ప్లానింగ్ వాళ్ల షీట్‌లో మాత్రం ఉండదు. అందులో ఆడిట్ తారీఖులుంటాయి, డిస్పాచ్ తారీఖులుంటాయి, ఎండీ గారు వచ్చే తారీఖు ఎర్ర రంగులో ఉంటుంది.

నాది సి షిఫ్ట్, రాత్రి పది నుంచి పొద్దున్న ఆరు. నేను బండి స్టాండ్ వేస్తుండగా నాతవలస మీదుగా వచ్చే కంపెనీ బస్సు గేటు దగ్గర ఆగింది. సగం సీట్లు ఖాళీ. లోపలికి వెళ్లి చూస్తే మధ్యాహ్నం రెండింటికి ఎక్కిన బి షిఫ్ట్ ఆపరేటర్ ఇంకా రియాక్టర్ (రసాయనాలు కలిపి వండే పెద్ద పాత్ర) దగ్గరే ఉన్నాడు. చీపురుపల్లి వైపు కుర్రాడు, పనిమంతుడు. “ఏరా, ఇంకా దిగలేదేం?” అన్నాను.

“ఆడు రానేదు సార్. పోన్ ఎత్తనేదు. కంట్రాక్టరేమో ఇయ్యాల్టికి నువ్వే సూసుకో అన్నాడు.”

“తిన్నావా?”

“పులుసుంది సార్. అన్నం అయిపోనాది.”

నా టిఫిన్ బాక్సు వాడికిచ్చి, నేను కాంట్రాక్టర్‌కి ఫోన్ చేశాను, తర్వాత ప్లాంట్ మేనేజర్‌కి చేశాను. ఒకాయన ఫోను స్విచాఫ్. ఇంకొకాయన “ఈ ఒక్క రాత్రికి అడ్జస్ట్ అవ్వండి” అన్నారు. వేరే బ్లాకు నుంచి మనిషిని తెద్దామంటే ఆ ప్రోడక్ట్ మీద ట్రైనింగ్ రికార్డు ఉన్నవాడే దాన్ని ముట్టుకోవాలి. అలాంటివాళ్లు ఆ రాత్రి ఇంకెవరూ లేరు. సరే, షిఫ్ట్ లాగ్‌బుక్‌లో “బి షిఫ్ట్ ఆపరేటర్ కంటిన్యూ, రిలీవర్ లేడు” అని టైము వేసి రాసి సంతకం పెట్టాను.

అప్పుడు ఆ రియాక్టర్‌లో క్రిస్టలైజేషన్ నడుస్తోంది, అంటే ద్రావణంలో కరిగి ఉన్న సరుకుని స్ఫటికాలుగా మార్చడం. వేడిగా ఉన్న ద్రావణాన్ని మెల్లగా చల్లబరచాలి. గంటకి ఇన్ని డిగ్రీలకు మించి దిగకూడదని బ్యాచ్ షీట్‌లో ఉంటుంది. రియాక్టర్ చుట్టూ ఉండే జాకెట్‌లోకి పోయే బ్రైన్ (చల్లటి ఉప్పునీళ్లు) వాల్వు కాస్త తిప్పాలి, గేజ్ చూడాలి, మళ్లీ కాస్త తిప్పాలి. అరగంటకోసారి ఉష్ణోగ్రత రాసి సంతకం పెట్టాలి. బస్తాలెత్తి ఛార్జింగ్ (రియాక్టర్‌లోకి సరుకు పోయడం) చేసే పనైతే ఒళ్లు నొప్పులు పుడతాయే గానీ నిద్ర రాదు. ఇది కూర్చుని కనిపెట్టుకునే పని. తెల్లవారుజామున మూడు నుంచి ఐదు మధ్య మనిషిని పడగొట్టేది ఇలాంటి తేలిక పనే. పని భారాన్ని టన్నుల్లో, బ్యాచ్‌ల్లో లెక్కేసేవాళ్లకు ఈ సంగతి ఎన్నిసార్లు చెప్పినా ఎక్కదు.

నేను సెంట్రిఫ్యూజ్ (గిర్రున తిప్పి స్ఫటికాల నుంచి ద్రవాన్ని వేరుచేసే మిషను) దగ్గర ఇంకో బ్యాచ్ దింపించి వచ్చేసరికి గోడ గడియారంలో నాలుగూ పది. కుర్రాడు స్టూలు మీద కూర్చుని స్తంభానికి ఒరిగిపోయాడు. హెల్మెట్ కళ్ల మీదికి జారింది. వేళ్ల మధ్య పెన్ను అలాగే ఉంది. ఒళ్లో బ్యాచ్ షీట్. అందులో నాలుగున్నర రీడింగ్ రాసేసి ఉంది. ఐదింటిదీ రాసేసి ఉంది, సంతకాలతో సహా. అంకెలు ఎంత ముచ్చటగా ఉన్నాయంటే, అరగంట అరగంటకీ ఒకే తేడాతో మెట్లు దిగినట్టు దిగుతున్నాయి. తల తిప్పి గేజ్ చూశాను. ఉష్ణోగ్రత ఎప్పుడో ఐదింటి అంకె కన్నా కిందికి పోయింది. వాల్వు ఎక్కువ తెరిచి ఉంది.

భుజం తట్టాను. లేస్తూనే వాడు నా ముఖం చూడలేదు, వాల్వు వైపు చూశాడు. తిప్పి మూసేశాక గానీ నాతో మాట్లాడలేదు. “కట్టీసినాను సార్” అన్నాడు. నిద్రలో కూడా వాడి బుర్ర వాల్వు దగ్గరే ఉందన్నమాట. ఇలాంటివాడికి క్రమశిక్షణ లేదని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను.

తొందరగా చల్లారితే క్రిస్టల్స్ పిండిలా పడతాయి. మలినాలు లోపలే ఇరుక్కుంటాయి, సెంట్రిఫ్యూజ్‌లో లిక్కర్ (స్ఫటికాలు పోగా మిగిలే ద్రవం) ఓ పట్టాన దిగదు. అదే జరిగింది. రెండు షిఫ్టులు ఆ బ్యాచ్ దగ్గరే కూర్చున్నాయి, ఆఖరికి క్యూసీలో (నాణ్యత పరీక్షలో) ఇంప్యూరిటీ ఎక్కువొచ్చి రీప్రాసెస్‌కి, అంటే మళ్లీ శుద్ధి చేయడానికి, పోయింది. ఒక మనిషికి ఒక రాత్రి ఓటీ (ఓవర్‌టైమ్) ఇచ్చి ఇంకొకరిని పిలిపించుకుంటే అయ్యే ఖర్చెంత, దీనికైన ఖర్చెంత! ఆ లెక్క ఎవరూ వేయరు. జీతాలు హెచ్‌ఆర్ ఖాతాలో, రీప్రాసెస్ ప్రొడక్షన్ ఖాతాలో పడతాయి కదా.

ఎంక్వైరీలో తేలిందేమిటో ఫార్మా వాళ్లకు చెప్పక్కర్లేదు, కంఠతా వచ్చు. రూట్ కాజ్: హ్యూమన్ ఎర్రర్. కరెక్టివ్ యాక్షన్: రీ-ట్రైనింగ్. కుర్రాడికి మెమో, కొన్నాళ్లు సస్పెన్షన్. ఒకటి ఒప్పుకుంటాను, రీడింగ్ ముందే రాయడం చాలా పెద్ద తప్పు. ఆ కాగితాన్ని నమ్మే ఎక్కడో ఎవరో మాత్ర మింగుతారు. దాన్ని నేను వెనకేసుకురాను. కానీ మీటింగ్‌లో “ఆ టైముకి వాడు పద్నాలుగు గంటలుగా డ్యూటీలో ఉన్నాడండీ” అంటే, క్యూఏ (నాణ్యత విభాగం) ఆయన నవ్వి, “అది హెచ్‌ఆర్ ఇష్యూ, ఇందులో ఎందుకు కలుపుతారు” అన్నారు. నేను రాసిన లాగ్‌బుక్ పేజీ బల్ల మీదే ఉంది. ఎవరూ తిరగెయ్యలేదు.

పద్నాలుగు గంటలు డ్యూటీ లెక్క. ఉదయం ఆరింటికి లేచిన మనిషి, అంటే 22 గంటలుగా కంటి మీద కునుకు లేదు. 1997లో డాసన్, రీడ్ అనే ఇద్దరు నేచర్ పత్రికలో ఒక చిన్న వ్యాసం రాశారు. 17 గంటలు మెలకువగా ఉన్న మనిషి పనితనం, రక్తంలో 0.05 శాతం ఆల్కహాల్ ఉన్నవాడి స్థాయికి పడిపోతుందని అందులో చూపించారు. మన దేశంలో బండి నడిపేవాడికి ఉన్న పరిమితి 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములు, అంటే 0.03. మందు తాగి రణస్థలం జంక్షన్‌లో దొరికితే కేసు. అంతకన్నా అధ్వాన్నమైన స్థితిలో రియాక్టర్ దగ్గర దొరికితే రీ-ట్రైనింగ్.

ఆ ట్రైనింగ్ సంగతి కూడా చెప్పాలి. సి షిఫ్ట్ దిగిన వాళ్లని ఉదయం ఆరున్నరకి ఏసీ హాల్లో కూర్చోబెట్టి ఇంగ్లీషు స్లైడులు వేశారు. విషయం: పనిలో అప్రమత్తత. రెండో స్లైడుకే వెనక వరుస మొత్తం గురక. హాజరు పట్టీలో మాత్రం అందరి సంతకాలూ ఉన్నాయి. ఆడిటర్‌కి చూపించేది ఆ పట్టీనే.

2023లో నారాయణమూర్తి గారు కుర్రాళ్లు వారానికి 70 గంటలు పనిచేయాలన్నారు. 2025 జనవరిలో ఎల్ అండ్ టీ ఛైర్మన్ సుబ్రహ్మణ్యన్ గారి 90 గంటల మాట బయటికొచ్చింది, ఆదివారాలు కూడా చేయించలేకపోతున్నానని ఆయన బాధ. వాళ్లతో నాకు పేచీ లేదు, వాళ్ల పని వాళ్లకి ఇష్టం. అయితే మొదటి ప్రపంచ యుద్ధంలో బ్రిటన్ మందుగుండు ఫ్యాక్టరీల్లో గుండ్లు చేసినవాళ్ల లెక్కల్ని 2014లో జాన్ పెన్కావెల్ అనే స్టాన్‌ఫోర్డ్ ఆర్థికవేత్త తిరగేశాడు. వారానికి 50 గంటల దగ్గర నుంచి, అదనంగా చేసే ప్రతి గంటకీ వచ్చే ఉత్పత్తి తగ్గుతూ పోయింది. 70 గంటలు చేసినవాళ్లు 56 గంటలు చేసినవాళ్ల కన్నా పెద్దగా ఎక్కువేమీ తియ్యలేదు. అది కూడా యుద్ధం జరుగుతున్నప్పుడు, దేశం కోసం చేస్తున్నామన్న కసి ఉన్నప్పుడు! మనం ఏ దేశం కోసం సెంట్రిఫ్యూజ్ తిప్పుతున్నాం?

1948 నాటి ఫ్యాక్టరీల చట్టం వారానికి 48 గంటలంది, దాటితే ఓటీకి రెట్టింపు జీతమంది. 2025లో మన రాష్ట్రంలో రోజుకు 9 గంటల పరిమితిని 10కి పెంచారు, వారానికి 48 మాత్రం అలాగే ఉంచారు. చాలామంది మిత్రులు ఆ పదో గంట మీద గొడవపడుతున్నారు. పడాల్సిందే. కానీ పది గంటలని చెప్పి కచ్చితంగా పదో గంటకు వదిలేస్తే నేను చేస్తాను. ఎనిమిదని బోర్డు మీద రాసి, రిలీవర్ వస్తే ఎనిమిది, రాకపోతే పదహారు అనేది నాకొద్దు. ఇంట్లో పెళ్లాంతో ఎన్నింటికొస్తానో చెప్పలేని ఉద్యోగంలో పనితీరు ఎక్కడి నుంచి వస్తుంది?

మా నాన్న విజయనగరం జిల్లాలో ఒక జూట్ మిల్లులో చేసేవాడు. దుమ్ము, మోత, పొడి దగ్గు, లాకౌట్లు, అన్నీ ఉన్నాయి. ఆ రోజులు బంగారమని నేను చెప్పను. కానీ ఆ మిల్లులో బదిలీ కార్మికులని ఒక గుంపు ఉండేది. షిఫ్ట్ మొదలయ్యే ముందు గేటు దగ్గర నిలబడతారు. ఎవడు రాలేదో ఆ మిషను మీదికి వీళ్లలో ఒకడు పోతాడు. ఆ రోజు అందరూ వచ్చేస్తే వీళ్లు క్యారేజీలతో ఇంటికి. వాళ్ల బతుకు దినదినగండమే, పర్మనెంట్ కాక జుట్టు నెరిసిపోయినవాళ్లని నేనెరుగుదును. అది అన్యాయమే. అయినా నాన్న సైరన్ మోగిన అరగంటకి ఇంట్లో ఉండేవాడు. అమ్మ ఆ సైరన్ విని ఎసరు పెట్టేది. ఇప్పుడు మా దగ్గర సాఫ్ట్‌వేర్లు, బయోమెట్రిక్, బోలెడన్ని డాష్‌బోర్డులు. బదులు నిలబడటానికి ఒక్క మనిషి మాత్రం లేడు. మనుషుల్ని సరిగ్గా సరిపడా పెట్టుకోవడమే ఇప్పుడు మేనేజ్‌మెంట్ గొప్పతనం. సరిపడా అంటే, ఎవరికీ జ్వరం రాని రోజుకి సరిపడా.

అలా మనుషుల్ని తగ్గిస్తూ పోతే ఏమవుతుందో భోపాల్ చెప్పింది. 1984 డిసెంబరులో గ్యాస్ లీకైన ఆ రాత్రికి ముందే యూనియన్ కార్బైడ్ ఎంఐసీ (మిథైల్ ఐసోసయనేట్ అనే విష రసాయనం) యూనిట్‌లో షిఫ్టుకి 12 మంది ఆపరేటర్లని 6కి తగ్గించేశారు. రాత్రి షిఫ్టులో మెయింటెనెన్స్ సూపర్‌వైజర్ పోస్టు కూడా తీసేశారు. ఆ ప్రమాదానికి అదొక్కటే కారణం కాదు, నిజమే. కానీ కెమికల్ ప్లాంట్‌లో చేసేవాడెవడైనా ఆ అంకె చదివి హాయిగా నిద్రపోలేడు.

నేను క్రమశిక్షణకి వ్యతిరేకిననుకోకండి. నా షిఫ్టులో గాగుల్స్ లేకుండా శాంప్లింగ్‌కి వెళ్లినవాడిని బయటికి పంపిస్తాను. సాల్వెంట్ ఛార్జ్ చేసేటప్పుడు ఎర్తింగ్ క్లిప్ పెట్టకపోతే నా నోటి నుంచి ఏం వస్తుందో మా కుర్రాళ్లనడగండి. ఆ క్రమశిక్షణ ప్రాణం కాపాడుతుంది. నాకు ఒళ్లు మండేది గేటు దగ్గర క్రమశిక్షణ చూస్తే. రావడం ఐదు నిమిషాలు ఆలస్యమైతే లేట్ మార్కు, మూడు మార్కులకి అరపూట కోత. పోవడం నాలుగు గంటలు ఆలస్యమైతే “మీ డెడికేషన్ బాగుందండీ”. పంచ్ కొట్టే మిషను ఒకటే, లెక్కపెట్టేది మాత్రం ఒక వైపే.

రాత్రి డ్యూటీ అంటే పడుకునే ఉద్యోగమనుకునే చుట్టాలకు కూడా ఒక మాట. మే నెలలో రేకుల కింద పగలు పడుకుని చూడండి. పదింటికి చేపలమ్మ కేక, పదకొండుకి ఉల్లిపాయల ఆటో మైకు, మధ్యలో కరెంటు కోత, ఈలోగా గ్యాస్ బండ వాడు. మా మామగారైతే ఇంటికొచ్చినప్పుడల్లా “ఏం బాబూ, ఇంకా లేవలేదా” అని పన్నెండింటికి తలుపు కొడతారు. ఆయన్ని ఏమీ అనలేం.

ఇదంతా ఏడుపేనా, ఎక్కడా బాగుపడలేదా అంటే, పడింది. తర్వాత చేరిన చోట కొత్తగా వచ్చిన ప్లాంట్ హెడ్ ఒకాయన రెండే పనులు చేశారు. ప్రతి బ్లాకుకీ, రెండు మూడు ప్రోడక్టుల మీద ట్రైనింగ్ ఉన్న ఆపరేటర్లని ఇద్దర్ని అదనంగా పెట్టారు. మామూలు రోజుల్లో వాళ్లు క్లీనింగ్, లైన్ చెకింగ్ చూసుకుంటారు, ఎవరైనా రాకపోతే అక్కడికి పోతారు. రెండోది, రిలీవర్ రాని సంగతి షిఫ్ట్ మారిన పావుగంటలో తన సొంత ఫోనుకే రావాలన్నారు, ఎంత రాత్రయినా. మొదటి నెలలో ఆయన నిద్ర బాగానే చెడింది. ఆ తర్వాత కాంట్రాక్టర్లు మనుషుల్ని సర్దడం నేర్చుకున్నారు. సిరిమాను వారానికి దసరా ముందే రోస్టర్ గోడ మీద ఉండేది, విజయనగరం వాళ్లకి సెలవు, బదులుగా సంక్రాంతికి వాళ్లు ఒక పూట ఎక్కువ. ఎవరూ గొణగలేదు. బ్యాచ్‌లు తగ్గలేదు, టార్గెట్ తగ్గలేదు, పని భారం రవ్వంత కూడా తగ్గలేదు. డీవియేషన్లు (రాసిన పద్ధతి తప్పి జరిగిన ఘటనలు) మాత్రం సగానికి సగం తగ్గాయి. నా దగ్గర చార్టులు లేవు, డీవియేషన్ ఫారాలు నింపిన చెయ్యి నాది, నాకు తెలుస్తుంది.

మా పిన్ని కూతురు శ్రీకాకుళంలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో స్టాఫ్ నర్సు. ఆమెకి ఇది చదివి వినిపిస్తే “అన్నయ్యా, రియాక్టర్ తీసేసి ఐసీయూ అని పెట్టు, ఇంకేమీ మార్చక్కర్లేదు” అంది.

అడిగినవారు ఎంబీఏ ప్రాజెక్టు కోసం అడిగి ఉంటే, ప్రశ్నాపత్రాలు పంచి ఒకటి నుంచి ఐదు దాకా టిక్కులు పెట్టించుకోవడం కన్నా ఏదైనా ప్లాంట్ షిఫ్ట్ లాగ్‌బుక్ అడగండి. ఇవ్వరనుకోండి. ఇస్తే, “కంటిన్యూ” అన్న మాట ఎన్నిసార్లుందో లెక్కపెట్టి, ఆ తారీఖుల పక్కన డీవియేషన్ల తారీఖులు పెట్టుకోండి. ఉద్యోగం కోసం అడిగి ఉంటే, ఇంటర్వ్యూలో జీతం మాట్లాడాక “రిలీవర్ రాకపోతే ఎవరొస్తారండీ?” అని ఒక్క ప్రశ్న వేయండి. అవతలివాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకుంటే రూము అద్దెకు అడ్వాన్సు ఇవ్వకండి.

జూట్ మిల్లుల బదిలీ పద్ధతి మీద ఎవరైనా విడిగా ప్రశ్న వేస్తే నాన్ననడిగి వివరంగా రాస్తాను. ఈ వారం నాది ఎ షిఫ్ట్, సాయంత్రాలు ఖాళీయే.